నీలవేణి క్యాటరింగ్ వారి క్షమాపణ

ఆ ఉదయం నీలవేణి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆవాలు నానబెట్టించాలి. పనసకాయలు తెప్పించాలి. మర్నాడు భోగాపురం నుంచి రాబోయే ఆఫీసరమ్మకు ఆవ పెట్టిన పనసపొట్టు కూరతో భోజనం పెట్టి, క్యాంటీను ఆర్డరు ఖాయం చేసుకోవాలి. ఇందులో కంప్యూటరుకు ఎక్కడా చోటు లేదు. అయినా అది పిలవని పేరంటానికి వచ్చి, పీట వేసుకుని మరీ కూర్చుంది.

అరసవల్లి రోడ్డులో నీలవేణి క్యాటరింగ్ తెలియని వాళ్లు లేరు. శ్రీకాకుళం నుంచి విజయనగరం దాకా ఏ పెళ్లిలోనైనా అరిటాకు ముందు కూర్చున్నవాడు మొదట అడిగేది "వంట నీలవేణిదేనా?" అని. అయితే ఆ వైభవమంతా ముహూర్తాలున్నన్నాళ్లే. జ్యేష్ఠం వెళ్లి ఆషాఢం వచ్చిందంటే పొయ్యిలు చల్లారిపోతాయి. వంటశాలలో పనిచేసే ఆడవాళ్లంతా, పెద్ద వంటమ్మ గురమ్మతో సహా, మూటలు కట్టుకుని విశాఖపట్నంలో ఇటుకలు మొయ్యడానికి పోతారు. పులుసు వాసన చూసి ఉప్పెంత పడిందో చెప్పగల మనిషి నెత్తిన తట్ట పెట్టుకోవడం నీలవేణికి ప్రతి ఏడూ కడుపు కోతే. ఈసారి కూడా గురమ్మ మూట అప్పుడే వంటశాల మూలకు చేరింది. భోగాపురంలో విమానాశ్రయం పక్కన ఒక కంపెనీ తన పనివాళ్లకు పెడుతున్న క్యాంటీను దొరికితే, ఏడాది పొడుగునా పొయ్యి వెలుగుతుంది, గురమ్మ మూట విప్పుకోవచ్చు. నీలవేణికి కావలసిందల్లా అదే.

ఆవాలు ఇంకా నానుతుండగానే కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. పంపింది ఆ ఆఫీసరమ్మే, పేరు రేఖ. రేపు భోజనం రుచి చూసే ముందు, మీ వంట తిన్నవాళ్ల అభిప్రాయాలన్నిటినీ మెచ్చుకోళ్లు, ఫిర్యాదులుగా విడదీసి, ఫిర్యాదులకు మీరేం పరిహారం చేశారో ఈ సాయంత్రంలోగా తెలియజేయండి అని దాని సారాంశం.

అభిప్రాయాలకేం కొదవ లేదు. ప్రతి పెళ్లిలోనూ చేతులు కడుక్కునే చోట 'భోజనం ఎలా ఉందో వాట్సాప్ చెయ్యండి' అని తన నంబరుతో ఒక అట్ట కట్టిస్తుంది నీలవేణి. జనం చేశారు, చేస్తూనే ఉన్నారు. చదవడానికి మాత్రం ఆవిడకు ఏనాడూ తీరలేదు. రోజంతా చేతికి పిండో పసుపో అంటుకుని ఉంటుంది. ఫోను మోగితే మోచేత్తో నొక్కి మాట్లాడుతుంది తప్ప వేలు తగలనివ్వదు. ఏళ్ల తరబడి పేరుకుపోయిన ఆ మెసేజీలన్నీ సాయంత్రంలోగా ఎవరు చదవాలి?

"ఎవులూ సదవక్కర్లేదక్కా," అన్నాడు ధర్మేంద్ర.

ధర్మేంద్ర నీలవేణి తమ్ముడు. విశాఖలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. సెలవు పెట్టి అక్క ఇంటికి వచ్చింది తిండి కోసమే అయినా లాప్‌టాప్ వెంట తెచ్చుకున్నాడు. పనిమంతుడే. ఏ పనైనా మనిషి చెయ్యకుండా తప్పించుకునే దారి వెతకడంలో మరీ పనిమంతుడు.

"మిషన్ లెర్నింగ్ అంటారు దీన్ని. రెండు బుట్టలు పెడతాను. ఒకటి మెచ్చుకోళ్లది, ఇంకోటి ఫిర్యాదులది. ఏ మాటుంటే ఏ బుట్టలో ఎయ్యాలో మొదట కొన్ని మాటలు మనం నేర్పుతాం. ఆ మాటల పక్కన ఇంకేటేటి మాటలొస్తన్నాయో సూసుకుని, మిగతాది అదే నేర్సుకుంటాది."

"మనిషి నేర్సుకున్నట్టేనేటి?"

"మనిషి కన్నా బేగి."

"అలగైతే నీకన్నా నయమే. కుక్కరు మూత పెట్టడం నీకు ఇప్పటికీ రాలేదు."

ధర్మేంద్ర ఆ మాట విననట్టు నటించాడు. "ముందు ఫిర్యాదుల బుట్టకి మాటలు సెప్పు. తిట్లు సెప్పక్కా."

తిట్లు చెప్పమంటే చప్పున గుర్తు రావు. నీలవేణి తల గోక్కుంది. "ఒరే సచ్చినోడా, ముందు ఆ టీ తాగు, సల్లారిపోతంది. నీ జిమ్మడిపోను, పొద్దున్నుంచీ ఏటీ తిన్లేదు నువ్వు," అంది.

"సచ్చినోడా, జిమ్మడిపోను..." అని గొణుక్కుంటూ ధర్మేంద్ర టకటకా కొట్టుకున్నాడు. "బాగున్నాయి. ఇంకా?"

వాకిట్లో వ్యాను కడుగుతున్న నీలవేణి భర్త ధనరాజ్ కూడా ఓ చెయ్యి వేశాడు. "సెయ్యి ఇరిగిపోను, దుంప తెగ, సంపేసినావు... రాసుకున్నావేట్రా బామ్మర్దీ?" అని అక్కడి నుంచే అరిచాడు. అవన్నీ తాను రోజూ కంచం ముందు కూర్చుని పెళ్లాన్ని అనే మాటలేనని ఆయనకు తట్టలేదు. తెర మీద వరసగా పేర్చి చూస్తే అవి అచ్చం తిట్లలాగే ఉన్నాయి.

మెచ్చుకోళ్ల బుట్టకు ఇంత ఆలోచన అవసరం పడలేదు. గౌరవనీయులు, నమస్కారములు, కృతజ్ఞతలు, తమరు, గారు. "మరియాదగా మాటాడినోళ్లే కదా మెచ్చుకునేవోళ్లు," అని తేల్చేసింది నీలవేణి.

ఆ మాట తప్పని ఈ జిల్లాల్లో పుట్టిన పసిపిల్లను అడిగినా చెబుతుంది. ఇక్కడ కూర నచ్చితే వండిన చేతిని విరగ్గొడతారు. నచ్చకపోతే పేరు చివర గారు తగిలించి, నమస్కారం పెట్టి వెళ్లిపోతారు. తిట్టేంత చనువు లేనివాళ్లకే మర్యాద. ఇది అక్కకూ తెలుసు, తమ్ముడికీ తెలుసు. ఊపిరి పీల్చడం తెలిసినట్టు తెలుసు కాబట్టే మిషనుకు నేర్పాలని ఇద్దరికీ తోచలేదు.

మిషను టీ గ్లాసు ఖాళీ అయ్యేలోగా పని ముగించింది. ధర్మేంద్ర తెర చూసి ముందు నవ్వాడు. తరువాత గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, నువ్వు ముందు కూకో."

"ఏటైంది?"

"ఫిర్యాదులు కాస్త ఎక్కువున్నాయి."

"కాస్తంటే?"

"ఇంచుమించు అన్నీ అవే."

మిషను అంతటితో ఊరుకోలేదు. తిట్లున్న మెసేజీల్లో మాటిమాటికీ ఏ మాట వస్తోందో గమనించి, నేర్చుకుని, కనిపెట్టి, రిపోర్టు చివర దళసరి అక్షరాలతో రాసింది. ఫిర్యాదులకు ముఖ్య కారణం: పనసపొట్టు కూర.

ఆ కూర నీలవేణికి అత్తగారు నేర్పింది. పేరు తెచ్చింది ఆ కూరే. "ఏదీ, ఒక్కటి సదువు," అంది.

ధర్మేంద్ర ఒక మెసేజీ తెరిచి, రేడియోలో వార్తలు చదివినట్టు చదివాడు. "నీ సెయ్యి ఇరిగిపోను. పనసపొట్టు కూర తిని తిని సచ్చాను. నీ దుంప తెగ. నువ్వు మడిసివి కావు. సంతకం, శ్రీకూర్మం లక్ష్మణమ్మ."

"సాలు, సాలు. ఇంక సదవకు," అని చెవులు మూసుకుంది నీలవేణి. ఆమె కళ్లు నిజంగానే చెమ్మగిల్లాయి. "ముగ్గురు కూతుళ్ల పెళ్లిళ్లకీ నాసేతే ఒండించింది కదరా ఆ పిన్ని! నవ్వుతూ తిన్నారు, కొసరి కొసరి ఏయించుకున్నారు. లోపల ఇంత బాధ పెట్టుకున్నారేటి?"

అక్క కంట తడి చూసి ధర్మేంద్ర మనసు కరిగిపోయింది. మనసు కరిగిన సాఫ్ట్‌వేరు మనిషి అంత ప్రమాదం ఇంకోటి లేదు. పరిహారం కూడా తానే చూసుకుంటానన్నాడు. చదువుకునే రోజుల్లో సెలవు చీటీలు రాసిన అనుభవంతో ఒక క్షమాపణ తయారుచేశాడు: 'గౌరవనీయులైన ఖాతాదారు గారికి, మా వంట వల్ల తమకు కలిగిన బాధకు మిక్కిలి చింతిస్తున్నాము. ఇకపై ఇటువంటి వంట మరల చేయబోమని హామీ ఇస్తున్నాము.' ఫిర్యాదు బుట్టలో ఉన్న అందరి ఫోన్లకూ అది ఒక్క నొక్కుతో వెళ్లిపోయింది. ఇకమీదట ఎవరు ఎప్పుడు ఏం పంపినా మిషను తనంతట తానే చదివి, బుట్టలో వేసి, జవాబు కూడా పంపేసే ఏర్పాటు చేశాడు. పాత ఖాతాదారుల ఇళ్లకు మడతకాజాల డబ్బాలు పంచే బాధ్యత ధనరాజ్ మీద పడింది. ఆయన ఏ పండగో అనుకుని, హుషారుగా హారన్ కొట్టుకుంటూ శ్రీకూర్మం దాకా తిరిగి వచ్చాడు.

మెచ్చుకోళ్ల బుట్టలో ఉన్నవి కొద్దే అయినా, వాటిలో ఒకదానికి మిషను నూటికి నూరు మార్కులు వేసింది. రాసినది రిటైర్డు హెడ్మాస్టరు ఉమాశంకర్ గారు. మొదటి వాక్యంలోనే గౌరవనీయులు, శ్రీమతి, గారు, నమస్కారములు అన్నీ ఉన్నాయి. ధర్మేంద్ర ఆ వాక్యం దాటి చదవలేదు. ఆయన వాట్సాప్ ఫోటోతో సహా దాన్ని ఫ్లెక్సీల నరేష్‌కు పంపి, "పెద్దది ఏసి, తెల్లారేసరికి మా గుమ్మం మీద కట్టు," అన్నాడు. నరేష్ వచ్చింది వచ్చినట్టు అచ్చు వేసే మనిషి. చుట్టూ బంతిపూల అంచు మాత్రం సొంతంగా చేర్చాడు. రిపోర్టు భోగాపురానికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే నీలవేణి వంటశాలలోకి వచ్చి, వెజిటబుల్ ఫ్రైడ్ రైసు, పనీరు కూర చెయ్యమని చెప్పింది. గురమ్మ గరిటె కింద పెట్టింది.

"పనీరేటమ్మా? ఆఫీసరమ్మ పత్తెంలో ఉన్నాదేటి?"

"సెప్పింది సెయ్యి గురమ్మా. ఇంక ఈ వంటసాల్లో పనసపొట్టు ఒండొద్దు."

"కొట్టిన పనస అంతా ఏటి సెయ్యను?"

"పారెయ్," అని మొహం తిప్పుకుని వెళ్లిపోయింది నీలవేణి. గురమ్మ మూలనున్న మూట వైపు ఒకసారి చూసుకుంది. వెళ్లిపోయేదాన్ని ఎలాగూ వెళ్లిపోతాను, ఆఖరిసారి కడుపు నిండా తినైనా పోతాను అనుకుని, ఆ పనసంతా వెనక పొయ్యి మీద పెట్టి ఆవ నూరడం మొదలుపెట్టింది.

పనీరు ఇంకా వేగుతుండగానే వీధిలో ఆటో ఆగిన చప్పుడైంది. "ఒసే నీలవేణీ! బయిటికి రాయే!" అన్న కేక ఆ వెంటనే వినిపించింది.

లక్ష్మణమ్మ. చేతిలో మడతకాజాల డబ్బా, కట్టిన తాడు కట్టినట్టే ఉంది. నీలవేణి పరుగున వచ్చి చేతులు జోడించింది. అది ఇంకా పెద్ద తప్పైపోయింది.

"నాకు దణ్ణం పెడతావేటే? నానేటి పరాయిదాన్నా? గౌరవనీయులైన ఖాతాదారు గారా? నా మొగుడు పోయిన దినాల్లో కూడా నన్ను ఎవులూ గారు అన్లేదే! ఏటి తప్పు సేసేనని నన్ను ఇంత మాటన్నావు?"

"అది కాదు పిన్నీ, నీకు కూర నచ్చలేదని..."

"నచ్చలేదని ఎవడన్నాడు?"

"నువ్వే కదా. నీ సెయ్యి ఇరిగిపోను అని..."

"అన్నాను! మళ్లీ అంటాను! నీ సెయ్యి ఇరిగిపోను, నీ దుంప తెగ! అలగ ఒండితే అనరేటే మరి?"

నీలవేణికి అప్పటికి వెలిగింది. మెల్లగా తల తిప్పి తమ్ముడి వైపు చూసింది. ధర్మేంద్ర ఆకాశంలో ఏదో వెతుకుతున్నాడు.

ఈలోగా మరో నాలుగు ఆటోలు వచ్చి ఆగాయి. ఎవరి చేతిలో చూసినా కాజాల డబ్బాయే. పెళ్లిళ్లకు మైకు సెట్లు కట్టే శివాజీ అందరినీ తోసుకుని ముందుకొచ్చాడు. "ఏటక్కా ఇది? ఇటువంటి వంట మరల సెయ్యబోము అని రాసేవు! శ్రావణంలో మా సెల్లి పెళ్లున్నాది. జనాలకేటి పెడతావు, గడ్డా?" అని మైకు లేకుండానే వీధంతా దద్దరిల్లేటట్టు అడిగాడు. డబ్బాలన్నీ అరుగు మీద దబదబా పడ్డాయి. ఎవరి కోపం వారిది, కానీ అందరి కోపం ఒకటే. మొన్నటి వరకూ అయినవాళ్లం, తెల్లారేసరికి ఖాతాదారులమైపోయామా అని.

రోడ్డుకు అటువైపు ఇంకో గుంపు చేరింది. వాళ్లు తలలెత్తి గుమ్మం మీది ఫ్లెక్సీ చదువుతున్నారు. బంతిపూల అంచు మధ్య, మా ఖాతాదారుల మాట అన్న శీర్షిక కింద, ఉమాశంకర్ మాస్టారి లేఖ పూర్తి పాఠం రోడ్డు చివరికి కూడా కనిపించేంత అక్షరాల్లో ఉంది.

'గౌరవనీయులైన శ్రీమతి నీలవేణి గారికి నమస్కారములు. తమరు మా అబ్బాయి వివాహమునకు వంట చేసినందుకు కృతజ్ఞతలు. రెండవ బంతికి పులుసు చాలలేదు. మూడవ బంతికి పెరుగు పుల్లగా ఉన్నది. నాల్గవ బంతిలో నేనే కూర్చున్నాను, నాకు అప్పడము రాలేదు. తమ కుటుంబమునకు భగవంతుడు ఆయురారోగ్యములు ప్రసాదించుగాక. శుభం.'

నీలవేణి అప్పుడే తలెత్తి చదివింది. "ఒరే, నిచ్చెన తేరా! బేగి దింపండి!" అని అరిచేలోగా రెండు బళ్లు వచ్చి గుమ్మం ముందు ఆగాయి. ఒకటి కంపెనీ జీపు. రెండోది ఉమాశంకర్ మాస్టారి స్కూటరు.

జీపులోంచి దిగింది రేఖ. ముప్పై దాటని అమ్మాయి, మెడలో కంపెనీ కార్డు, చేతిలో ఫైలు, అచ్చు పుస్తకంలా ఉన్న తెలుగు. గుంపునూ కాజాల డబ్బాలనూ చూసింది. ఫ్లెక్సీ మొత్తం చదివింది. "నీలవేణి గారూ, మీ మీద వచ్చిన ఫిర్యాదును మీరే ఫ్లెక్సీ వేయించి మీ గుమ్మం మీద కట్టించారా?" అని అడిగింది.

క్యాంటీను పోయింది, గురమ్మ పోయింది, అంతా అయిపోయింది అనుకుంది నీలవేణి.

ఆమె తరఫున జవాబు చెప్పింది ఉమాశంకర్ మాస్టారు. ఆయన స్కూటరు దిగి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని తన అక్షరాలను పై నుంచి కింద దాకా చదువుకున్నారు. "అమ్మాయీ, వీధి దీపం గురించి రాశాను, కుళాయి గురించి రాశాను, జీవితమంతా అందరికీ మర్యాదగా రాస్తూనే ఉన్నాను. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు జవాబివ్వలేదు. ఈ మహాతల్లి నా ఫిర్యాదును ఊరంతా చదువుకునేలా కట్టించింది. అప్పడం మాట కూడా తీసెయ్యలేదు, చూశావా! ఇంత నిజాయితీ నేనెక్కడా చూడలేదు," అన్నారు. రోడ్డు అవతలి గుంపు చప్పట్లు కొట్టింది. తప్పు దాచుకోని మనిషి ఎలా ఉంటుందో చూద్దామని అందరూ నీలవేణి వైపు తిరిగారు. ఆవిడ అంతకంతకూ ఎర్రబడింది.

రేఖ ఫైలు తెరిచింది. "మీ రిపోర్టు చదివాను. ఫిర్యాదులు ఇన్ని ఉన్నాయని ఏ క్యాటరింగు వాళ్లూ ఒప్పుకోలేదు. కానీ ఒకటి అర్థం కాలేదు. పేర్లూ తేదీలూ చూస్తే, ఫిర్యాదు చేసినవాళ్లే మళ్లీ మళ్లీ మిమ్మల్ని పిలిచారు. పనసపొట్టు కూర మీద ఇంత కోపం ఉన్నవాళ్లు మళ్లీ ఆ కూరే ఎందుకు చేయించుకున్నారు? నాకు ఇంకేమీ వద్దు. ఆ కూర వడ్డించండి."

"ఈ వేళ ఒండలేదండి," అంది నీలవేణి నీరసంగా. అంతలో వంటశాల వెనక నుంచి ఆవ ఘాటు వీధిలోకి వచ్చింది. గుంపు మొత్తం ఒక్కసారి ముక్కెగరేసింది. గురమ్మ గుమ్మంలోకి వచ్చి, "ఒండేనమ్మా," అంది. ఆ ఒక్క ముక్కతో నీలవేణికి ప్రాణం లేచొచ్చింది.

అరుగు మీద డబ్బాలు పక్కకు నెట్టి అరిటాకు వేశారు. వేడన్నం, దాని పక్కన కూర, పైన వేయించిన ఎండుమిరపకాయ. రేఖ మొదటి ముద్ద తిని ఫైలులో ఏదో రాసుకుంది. రెండో ముద్ద తిని కలం కింద పెట్టింది. మూడో ముద్దకు ముక్కు చివర చెమట పట్టింది, కళ్లు మూతలు పడ్డాయి.

"ఓలమ్మా!" అంది రేఖ. "నీ సెయ్యి ఇరిగిపోను, ఏటి ఒండేవే తల్లీ! సంపేసినావు కదే!"

వీధి వీధంతా ఆమె వైపు తిరిగింది. రేఖ ఎడమ చేత్తో నోరు మూసుకుంది. లక్ష్మణమ్మ ముందుకు వంగి ఆరా తీసింది.

"ఏ ఊరమ్మా మీది?"

"సీపురుపల్లి," అంది రేఖ, ఇక దాచుకోలేక. "మా మామ్మ సచ్చిపోయాక ఇదే తినడం."

ఆ తరువాత జరిగినది భోజనం కాదు, జాతర. కాజాల డబ్బాలు తాళ్లు తెంచుకున్నాయి. తిట్టేవాళ్లు తిడుతూ, తినేవాళ్లు తింటూ, ఇద్దరూ ఒకరే అయ్యారు. మాస్టారికి నీలవేణి స్వయంగా అప్పడాలు వడ్డించింది, ఆయన చాలంటున్నా ఆపలేదు. రేఖ చెయ్యి కడుక్కుని, మళ్లీ అచ్చు తెలుగులోకి వచ్చి, క్యాంటీను మీదే, వారానికొకసారి ఈ కూర మాత్రం తప్పనిసరి, ఉత్తర్వు సాయంత్రానికి పంపుతాను అని చెప్పి జీపెక్కింది.

గురమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. "అలగైతే మూట ఇప్పెయ్యనా?" అని అడిగింది.

నీలవేణి వంటశాల మూలకు వెళ్లి ఆ మూట ముడి తానే విప్పింది. చీరలు రెండూ దులిపి దండెం మీద ఆరేసింది. అప్పుడు ఏడ్చింది, హాయిగా, అందరూ చూస్తుండగానే. ఇంత గెలుపు ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు.

"మిషను తప్పు కాదక్కా," అన్నాడు ధర్మేంద్ర పక్కకు చేరి. "నానే తప్పు నేర్పేను. రేపు సరిసేసేస్తాను."

"ఒరే సచ్చినోడా, ముందు తిను. నీ జిమ్మడిపోను, నిన్నటి నుంచీ సరిగ్గా తిన్లేదు," అంది అక్క, రెండో గరిటె వేస్తూ.

సాయంత్రానికి రేఖ ఫోను నుంచి రెండు మెసేజీలు వచ్చాయి. మొదటిది కంపెనీ ఉత్తర్వు. గౌరవనీయులైన శ్రీమతి నీలవేణి గారికి అని మొదలై కృతజ్ఞతలతో ముగిసిన ఆ ఉత్తర్వుకు మిషను నూటికి నూరు మార్కులు వేసి మెచ్చుకోళ్లలో పెట్టింది. రెండోది రేఖ సొంతంగా రాసినది: 'అక్కా, నీ దుంప తెగ, ఇంకా నోట్లో ఆవ ఘాటు పోలేదే. నీ సెయ్యి ఇరిగిపోను, మళ్లీ ఎప్పుడు పెడతావు?'

ఆ సమయానికి ధర్మేంద్ర చేతికి కూర అంటుకుని ఉంది, మిషనును ఆపేవాళ్లు లేరు కాబట్టి, ఇకపై ఇటువంటి వంట మరల చేయబోమన్న హామీ రేఖకు వెంటనే అందింది.